పిల్లలకు ప్రోగ్రామింగ్: తప్పు చేసే వీలు ఇద్దాం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ కానుకగా మన సంఘం బడికి కొత్త కంప్యూటర్లు ఇవ్వబోతోంది. చాలా సంతోషం. వాటితోపాటు ఇంకొకటి కూడా ఇద్దామని అడగడానికే ఈ నాలుగు మాటలు.

1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం మొదలుపెట్టి, ఎంపిక చేసిన బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపింది. మనకూ వచ్చాయి. మా బ్యాచ్ వాళ్లకు గుర్తుండే ఉంటుంది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లేవాళ్లం. యంత్రాల మీద గుడ్డ కప్పి ఉండేది. వాటి మెమరీ 32 కిలోబైట్లు. ఇవాళ ఫోన్‌తో తీసే ఒక్క ఫొటోకు కూడా అది చాలదు. బోర్డు మీదున్న బేసిక్ ప్రోగ్రామును నోటుబుక్కులో ఎక్కించుకుని, వంతు వచ్చినప్పుడు అక్షరం పొల్లు పోకుండా టైపు చేసేవాళ్లం. వేరే మీట నొక్కితే యంత్రం పాడవుతుందేమోనని భయం. మాస్టార్లను తప్పుపట్టను. కొద్దిరోజుల శిక్షణతో వాళ్ల మీద పెట్టిన బరువు అది. కానీ నా సొంతంగా ప్రోగ్రాము రాసి, అది తప్పని తెలిసి, దిద్దుకున్నది ఇంజనీరింగులో చేరాకే.

పోయిన ఏడాది దసరా సెలవులకు ముందు, ఎనిమిదో తరగతికి నాలుగు రోజులు పాఠం చెప్పమని హెడ్మాస్టరు గారు నన్ను అడిగారు. మొదటిరోజు నేనూ అదే పని చేశాను. ఏడో ఎక్కం వచ్చే ప్రోగ్రాము చూపించాను. అందరూ టైపు చేశారు, అందరికీ వచ్చింది. “ఇప్పుడు రెండు, నాలుగు, ఆరు ఇలా సరిసంఖ్యలతో హెచ్చించినవే రావాలి” అన్నాను. ఒక్క చెయ్యీ కదల్లేదు. నలభై ఏళ్ల కిందటి మా నోటుబుక్కులే గుర్తొచ్చాయి.

రెండోరోజు కంప్యూటర్లు తెరవలేదు. 1967లో సేమూర్ పాపర్ట్, సింథియా సోలమన్, వాలీ ఫర్జైగ్ కలిసి పిల్లల కోసం ‘లోగో’ అనే భాష తయారుచేశారు. అందులో ఒక తాబేలుకు ‘ఇంత ముందుకు నడు, ఇంత తిరుగు’ అని చెబితే బొమ్మ గీస్తుంది. మేం ఒక కుర్రాణ్ణే తాబేలును చేసి, చాక్‌పీసు, బోర్డు మీద వాడే చెక్క కోణమానిని పట్టుకుని వరండాలోకి వెళ్లాం.

చతురస్రం సులువుగానే వచ్చింది. నాలుగడుగులు ముందుకు, తొంభై డిగ్రీలు కుడికి, ఇలా నాలుగుసార్లు. తర్వాత సమబాహు త్రిభుజం గీయమన్నాను. “కోణం అరవై కదండీ, అరవై తిరగాలి” అన్నారు అందరూ. తిరిగాడు. మూడుసార్లయినా గీత మూసుకోలేదు. నేను నోరు తెరిచేలోపే ఒకమ్మాయి, “ఆపకండి సార్, ఇంకా నడవనివ్వండి” అంది. ఆరో మలుపుకు బయల్దేరిన చోటికే వచ్చాడు. చూస్తే షడ్భుజి! ఆ పిల్లే గీతను ముందుకు పొడిగించి, నడిచేవాడు తిరిగేది లోపలి కోణం కాదు, బయటి కోణం అని చూపించింది. చుట్టూ తిరిగివస్తే మొత్తం 360. మూడు మలుపులైతే ఒక్కోటి 120. పంచభుజికి 72 అని వెనక నుంచి ఎవరో అరిచారు.

మూడోరోజు అవే బొమ్మలు కంప్యూటరు మీద గీశారు. నాలుగోరోజు సరిసంఖ్యల ఎక్కం అడిగితే తలా ఒక దారిలో చేసి చూపించారు.

కంప్యూటరు మనం అనుకున్నది చేయదు, చెప్పింది చేస్తుంది. ఆ తేడా పిల్లలకు తెలిసేది తప్పు జరిగినప్పుడే. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో కోడింగ్ ఉండాలంటోంది. దాన్ని కూడా బట్టీ పట్టించి మార్కులు వేస్తే, కొత్త యంత్రాల మీదా పాత గుడ్డ కప్పినట్టే.

అందుకని రెండు మనవులు. మిత్రులారా, కంప్యూటర్లతోపాటు ఏడాదికి నాలుగు రోజులు మీ సమయం కూడా ఇవ్వండి. వంతులవారీగా వద్దాం. గురువులకు విన్నపం: రికార్డు పుస్తకంలో సరైన ప్రోగ్రాముతో పాటు, ముందు ఎక్కడ తప్పిందో, ఎలా దిద్దారో కూడా రాయించండి. దానికీ మార్కులు వేయండి.

వచ్చే దసరాకు ముందు నాలుగు రోజులకు మొదటి పేరు నాది రాసుకోండి.