కలివికోడి కనబడెనన్నచో

 

లోకమున అంతరించినదను పక్షిని మా మెట్టలో చూచితిమని ఒకరు వచ్చి చెప్పినచో పంచాయతీ ఏమి చేయవలెను? నవ్వి పంపుట తగదు; నమ్మి చాటింపు వేయుటయు తగదు. కలివికోడి చరిత్ర మనకు ఈ రెండింటిని బోధించుచున్నది.

సైన్య వైద్యుడైన జెర్డాన్ 1848లో ఈ పక్షిని శాస్త్రలోకమునకు ఎరుకపరచెను. 1900లో అనంతపురము ప్రాంతమున కనబడిన పిమ్మట 80 ఏండ్లకు పైగా దాని జాడ తెలియకుండెను. అంతరించినదనియే పలువురు తలచిరి. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు కడప జిల్లాలో పక్షి బొమ్మను చూపుచు గ్రామస్థులను విచారించిరి. 1986 జనవరిలో రెడ్డిపల్లె చెంత ఐతన్న అను వేటగాడు రాత్రివేళ దానిని పట్టి తెచ్చెను. పల్లెవాని మాట నిజమాయెను. అయితే దానిని నిలబెట్టినది పక్షి స్వయముగ కండ్లయెదుట నుండుటయే. బంధింపబడిన ఆ పక్షి కొలదికాలమునకే మరణించెను.

అటుపిమ్మట శాస్త్రజ్ఞులు ఇసుక పరచి అడుగుజాడలు వెదకిరి. పొదలలో కెమెరాలు అమర్చిరి. కూతను ధ్వనిముద్రణము చేసిరి. ఆ పొదలను కాపాడుటకై తెలుగుగంగ కాలువ మార్గమును సైతము మార్చవలసివచ్చెను. సాక్ష్యమునకు ఇంతటి విలువ కలదు. తప్పుడు వార్తను నమ్మినచో శ్రమయు ధనమును వ్యర్థమగును. నిజమైన వార్తను త్రోసిపుచ్చినచో చివరి పొదయు చదునగును.

ఈ పక్షి జాడలు పూర్వము పెన్న, గోదావరి పరీవాహక ప్రాంతములలోనే నమోదైనవి. కావున మన ప్రాంతమున కనబడెనన్నచో మరింత గట్టి నిదర్శనము కోరవలెను. మన పొలములలో తిరుగు చితవను, తీతువును చూచి పొరబడుట సులభము. కలివికోడి రాత్రివేళ ముండ్లపొదల నడుమ సంచరించును. దాని రొమ్ముపై రెండు గోధుమవన్నె పట్టెలుండును.

ఎవరైనను చూచితిమన్నచో తేదీని, వేళను, స్థలమును వ్రాసికొనుడు. ఇరువురు చూచియున్నచో వేరువేరుగ అడుగుడు. ఏమి చూచితిరని అడుగుడే కాని, పట్టెలుండెనా యని మీరే అందింపకుడు. చేతనైనచో ఛాయాచిత్రమునో కూతనో సేకరించి అటవీశాఖవారికి తెలుపుడు. పక్షిని మాత్రము పట్టకుడు. చోటును నలుగురిలో చాటకుడు.

సందేహించుట చెప్పినవానిని అవమానించుట కాదు. అతని మాట నిజమైనచో దానిని నిలబెట్టు మార్గమదియే.