నిలిచియున్న కారును నమ్మరాదు



పరుగెత్తు కారును చూచి సైకిలుపై పోవువాడు తొలగును. నిలిచియున్న కారును చూచి తొలగడు. అపాయము పొంచియుండునది అచ్చటనే. మా గోపాల్‌పేటలో కార్లు బాట యెడమ అంచున నిలుచును. బడిపిల్లలు వాని కుడిప్రక్కనే రాసుకొని పోవుదురు. డ్రైవరు కూర్చుండునదియు కుడివైపుననే కదా! అతడు వెనుక చూడక తలుపు తెఱచెనేని, అది బాలునకు తగిలి, వానిని వెనుకవచ్చు లారీకి ముందు పడద్రోయును.

పరులకు అపాయము కలుగునట్లు బండిని నిలుపరాదని 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము, 122వ సెక్షనున శాసించుచున్నది. అజాగ్రత్తచే పరుల ప్రాణమునకు ముప్పు తెచ్చుట 2023వ సంవత్సరపు భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షను క్రింద నేరము. అయినను చట్టము దెబ్బ తగిలిన పిమ్మట వచ్చును. చూపు ముందే పోవలెను.

అందులకు హాలెండు దేశమున నేర్పు ఉపాయమొకటి కలదు. కుడి తలుపును ఎడమచేతితో తెఱవవలెను. అప్పుడు మేను తనంతట తిరిగి చూపు వెనుకకు పోవును. బ్రిటనువారు 2022లో దీనిని తమ బాటనియమములలో చేర్చుకొనిరి. ఇందులకు కాసు వ్యయము లేదు.

పిల్లలను తలుపు వెడల్పునకు మించిన ఎడము విడిచి పొమ్మనుడు. ప్రక్కకు తొలగుటకు ముందు వెనుక చూడుమనుడు. కారులో మనిషి కనబడినచో వేగము తగ్గించి గంట కొట్టుమనుడు.

పెద్దలారా! కారులో వచ్చు అల్లుడును మనవాడే, సైకిలుపై పోవు మనుమడును మనవాడే. ఇరువురకును ఈ మాట చెప్పుడు.