గేరుబాక్సుకుఁ దగిన నూనె



స్నేహశబ్దమునకుఁ జెలిమి యనియు నూనె యనియు రెండర్థములు గలవు. చెలిమికిఁ బాత్ర మెఱుఁగవలయును, నూనెకును నంతే.

నా పూర్వశిష్యుఁ డొకఁడు లారీ నడపి కుటుంబమును బోషించుచున్నాఁడు. వెనుక హౌసింగునకుఁ దెచ్చిన జి.ఎల్. 5 నూనె మిగులఁగా, దానినే గేరుబాక్సునఁ బోసెను. "నాలుగుకంటె నైదు పెద్దది గదా, మాస్టారూ!" యని యతని వాదము. కొన్ని నెలలకు ఘాటురోడ్డు దిగుచుండఁగాఁ గ్రింది గేరు పడక పండ్లు కరకరలాడెను. బ్రేకులే దిక్కైనవి. దైవవశమున బ్రతికి బయటపడెను.

ఆ యంకెలు బడితరగతులు గావు. పనిభేదమును దెలుపు గుర్తులు. హౌసింగులోని క్రౌనుపండ్లు గొప్ప బరువుతో నొండొంటిపై జాఱును. వానిని గాచుటకై జి.ఎల్. 5లో గంధక భాస్వరముల మందు హెచ్చుగా నుండును. వేఁడి యెక్కినపుడు అట్టి మందులు కొన్ని గేరుబాక్సులోని ఇత్తడి, కంచు వలయములను దినివేయును. మఱియు నా సింక్రో వలయములు రాపిడిచేతనే వేగములను సమము చేయును. నూనె మితిమీఱి జాఱుడైనచో వాని పట్టు దప్పును. కావుననే యట్టి గేరుబాక్సులు పెక్కింటికి జి.ఎల్. 4 విధింపఁబడినది. కొన్ని పెద్దలారీలకు ఇంజను నూనెయే విధి.

80 డబ్ల్యు 90 అనునది చిక్కఁదనమును మాత్రమే తెలుపును. ఆ యంకె రెండుజాతుల డబ్బాలపైనను గనఁబడును.

లారీతో వచ్చిన పుస్తకమే ప్రమాణము. రెండంకెలును దానితో సరిపోలిన పిదపనే డబ్బామూఁత విప్పుఁడు.