కాందిశీకుల పిల్లలు - పిట్టలదొర

నా చిన్నతనమున గద్వాల కోట సమీపమున మేము గోలీలాడుకొనుచుండగా వీధి మొదటినుండి ఒక పెద్ద కేక వినవచ్చెడిది. ఆ కేక చెవిని పడగానే గోలీలు ఎక్కడివక్కడ విడిచి పరుగెత్తెడివారము. వచ్చినవాడు పిట్టలదొర. కొందరు వానిని తుపాకిరాముడనియు, మరికొందరు లత్కోరుసాబనియు పిలుతురు. ఖాకీ చొక్కా, ఖాకీ లాగు, నెత్తిన దొరల టోపీ, రొమ్మున రేకుబిళ్లల పతకములు, భుజమున కొయ్య తుపాకి. "వనపర్తి సంత నాది. నాగర్‌కర్నూలు తొవ్వ నాది. కృష్ణ ఏరు మా పెరట్ల కాలువ. మొన్న నల్లమలల పులి ఎదురొస్తే, అదే సలాం కొట్టి తొవ్వ ఇచ్చింది!" అని గర్జించెడివాడు. ఇంతలో మాలో ఒకడు "దొరా, ఎనుక కుక్క!" అనెడివాడు. అంతటి దొరయు తుపాకి పారవైచి, మా వెనుక నక్కి, గడగడ వణకెడివాడు. వీధియెల్ల నవ్వులతో నిండెడిది. కుక్క లేదని మాకు తెలియును. లేదని వానికిని తెలియును. అయినను వాడు వచ్చిన ప్రతిసారి భయపడెడివాడు; మేము ప్రతిసారి నవ్వెడివారము.

ఈ ముచ్చటను నేడు జ్ఞప్తికి తెచ్చుకొనుటకు కారణమొకటి కలదు. యుద్ధములవలనను, సాయుధ సంఘర్షణలవలనను ఇల్లు వాకిలి విడిచి శిబిరములలో తలదాచుకొనుచున్న పిల్లల యొద్దకు విదూషకులు, అనగా మనము సర్కసులో బఫూనులనియు, జోకర్లనియు పిలుచువారు, పోయి ఉచితముగా ప్రదర్శనలిచ్చు ఉద్యమమొకటి ముప్పదియేండ్లకు పైగా లోకమున సాగుచున్నది. ఈ మాట వినగానే లోకజ్ఞానము కల వారెవరైనను "కడుపునకు గంజి లేనివారికి గంతులు చూపుదురా?" అని అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము వెదకుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

మొదట ఈ ఉద్యమము పుట్టిన తీరు చెప్పెదను. 1992లో బోస్నియాలో యుద్ధము చెలరేగెను. లక్షలకొలది ప్రజలు కాందిశీకులైరి. వారిలో కొందరు పొరుగుననున్న క్రొయేషియా దేశమున ఇస్ట్రియా ప్రాంతపు శిబిరములకు చేరిరి. స్పెయిన్ దేశములోని బార్సెలోనా నగరపు బడిపిల్లలకు ఆ శిబిరపు పిల్లలతో పరిచయము కలిగినది. తమకు నవ్వు కరవైనదని శిబిరపు పిల్లలు తెలుపగా, ఈ బడిపిల్లలు తామే చందాలు పోగుచేసి ఒక విదూషకుని పంపదలచిరి. ఆయన అసలు పేరు జౌమె మతేవు. రంగస్థలమున తోర్తెల్ పోల్ట్రోనా. ఆయన 1993 ఫిబ్రవరిలో ఇస్ట్రియాకు పోయి ప్రదర్శన ఇచ్చెను. ఆ యాత్ర నుండియే "సరిహద్దులు లేని విదూషకులు" అను సంస్థ జనించినది. తరువాత ఫ్రాన్సు, అమెరికా, స్వీడన్ మున్నగు దేశములలో ఇదే పేరుతో సంఘములు వెలసినవి. ఇందు గమనింపవలసినదేమనగా, ఈ ఆలోచన పెద్దలకు తోచినది కాదు. ఒక చోటి పిల్లల కరవు మరియొక చోటి పిల్లలకు అర్థమైనది. పిల్లలు అడిగిరి, పిల్లలు ఇచ్చిరి.

ఆనాటి నుండి కాందిశీకుల సంఖ్య తగ్గలేదు. ఐక్యరాజ్యసమితి కాందిశీకుల సంస్థ లెక్క ప్రకారము 2024 సంవత్సరాంతమునకు యుద్ధమువలనను, హింసవలనను, వేధింపులవలనను నెలవు తప్పినవారు లోకమున సుమారు 12 కోట్ల 32 లక్షల మంది. వారిలో ఇంచుమించు నూటికి 40 మంది పిల్లలు.

ఇది మనకు దూరపు కథ కాదు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న మన నడిగడ్డలో పెద్దలు చెప్పగా విన్నవారు ఇంకను కలరు. 1947-48 సంవత్సరములలో నిజాము రాజ్యమున రజాకార్ల దౌర్జన్యములు ప్రబలినపుడు సరిహద్దు గ్రామములనుండి ఎన్నియో కుటుంబములు ఏరు దాటి ఆవలి జిల్లాలకు వలసపోయినవి. 1948 సెప్టెంబరులో సైనికచర్య ముగిసిన పిమ్మట అదే సంస్థానపు పశ్చిమ జిల్లాలలో ముస్లిము కుటుంబములు హింసకు గురియై ఊళ్లు విడిచినవి. మరి కొన్ని దశాబ్దములకు నల్లమల అడవులలో తీవ్రవాదులకును పోలీసులకును నడుమ సాగిన పోరులో చెంచుపెంటలు నలిగినవి. చరిత్ర నాయకుల పేర్లు వ్రాసినది, తేదీలు వ్రాసినది. తల్లి చంకనెక్కి ఏరు దాటిన బిడ్డ ఆ రాత్రి నిద్రించెనా లేదా అని ఎవరును వ్రాయలేదు.

అట్టి బిడ్డకు ఏమి జరుగునో తెలిసికొన్నగాని విదూషకుని పని మనకు బోధపడదు. చిన్న చప్పుడైనను ఉలికిపడును. రాత్రులు మేలుకొనును. ఆట మానుకొనును, ఆడినను కాల్పుల ఆటనే మరల మరల ఆడును. ఇంతకంటె సూక్ష్మమైన కష్టమొకటి కలదు. తల్లి దుఃఖములో ఉన్నది, తండ్రి మాటలాడడు. అట్టిచోట నవ్వుట తప్పని బిడ్డకు తోచును. ఎవరును నవ్వవద్దని చెప్పలేదు. కాని నవ్వవచ్చునని చెప్పువారును లేరు. విదూషకుడు చేయు మొదటి పని ఆ అనుమతి నిచ్చుట. అందుచేతనే అనుభవజ్ఞులైన విదూషకులు పిల్లలను మాత్రమే కూర్చుండబెట్టి ఆడరు. తల్లులను, అవ్వలను గూడ పిలుతురు. అమ్మ నవ్వుటను చూచిన బిడ్డ తానును నవ్వవచ్చునని గ్రహించును. ఎన్నియో నెలల తరువాత ఆ ఇద్దరును కలసి చేసిన మొదటి సంతోషకార్యము అదియే కావచ్చును.

మన పెద్దలు ఈ రహస్యమును ఎరుగనివారు కారు. రౌద్రమునుండి కరుణము పుట్టునని భరతముని నాట్యశాస్త్రమున చెప్పెను. యుద్ధము రౌద్రము; శిబిరము దాని వెనువెంట వచ్చిన కరుణము. ఆ మునియే నవ్వును స్మితము మొదలు అతిహసితము వరకు ఆరు మెట్లుగా విభజించెను. పలువరుస కనబడకుండ చెక్కిళ్లు కొంచెము వికసించుట స్మితము. శిబిరములో విదూషకుడు మొదట కోరునది ఆ స్మితమునే. పకపక నవ్వును కాదు. తోలుబొమ్మలాటలో కథ దుఃఖపు పరాకాష్ఠకు చేరినపుడు కేతిగాడును బంగారక్కయు తెరమీదికి దుమికి కలహింతురు గదా! జనులు కన్నీరు తుడుచుకొనుచునే నవ్వుదురు. పిమ్మట కథ మరల సాగును. కేతిగాడు దుఃఖమును చెరిపివేయలేదు. దుఃఖకథను కడవరకు కూర్చుండి వినుటకు చాలిన ఓపికను ఇచ్చినాడు.

ఇక విదూషకుని విద్యలో ప్రధానమైనది పడుట. కుర్చీమీద కూర్చుండబోయి పడును. తన బూటు తానే తొక్కి పడును. ప్రతిసారి లేచును, దుమ్ము దులుపుకొనును, మరల ప్రయత్నించును. పడినవారు లేవకపోవుటను కన్నులార చూచిన బిడ్డకు, పడి లేచినవానిని చూచుట స్వల్ప విషయము కాదు. రెండవది, విదూషకుడు ఎల్లప్పుడు పిల్లలకంటె తెలివితక్కువవాడు. టోపీ తన నెత్తిమీదనే ఉండగా ఊరెల్ల వెదకును. "నెత్తి మీద!" అని పిల్లలు అరతురు. తన జీవితమున ఏదియు తన చేతిలో లేని బిడ్డ, ఒక పెద్దమనిషికి దారి చూపినవాడగును.

దీనికి పరీక్షలును జరిగినవి. అవి యుద్ధభూమిలో కాదు, వైద్యశాలలలో. 1986లో న్యూయార్కు నగరమున ఒక సర్కసు విదూషకులు రోగులైన పిల్లల యొద్దకు క్రమముగా పోవుట ప్రారంభించిరి. ఇటలీలోని ఫ్లోరెన్సులో 5 నుండి 12 ఏండ్ల వయసు గల 40 మంది పిల్లలను పరిశీలించి 2005లో ఫలితములు ప్రకటించిరి. శస్త్రచికిత్సకు ముందు తలిదండ్రులతోపాటు విదూషకులును తోడున్న పిల్లలకు, మత్తుమందు ఇచ్చు సమయమున ఆందోళన తక్కువగా కనబడినది. అయితే వైద్యసిబ్బందిలో పెక్కుమంది తమ పనికి అడ్డు కలుగుచున్నదని, ఈ కార్యక్రమము కొనసాగుటకు ఇష్టపడలేదు. ఈ రెండవ మాటను గూడ మనము మరువరాదు. మేలు చేయువాడైనను వేళ యెరిగి రావలెను, వేళ యెరిగి తొలగవలెను.

ఇప్పుడు మన పిట్టలదొర యొద్దకు మరల వత్తము. తెలంగాణపు పల్లెలు పెంచిన ఈ విదూషకుని కాందిశీకుల పిల్లల యొద్దకు పంపవచ్చునా? పంపవచ్చును, కాని ఒక షరతు కలదు. తుపాకి ఇంటివద్ద విడువవలెను. ఖాకీయు విడువవలెను.

ఈ మాట మీకు కష్టముగా తోచవచ్చును. తుపాకి లేనిదే తుపాకిరాముడేమి? మన వీధిలో ఆ కొయ్య తుపాకి నవ్వుల వస్తువు; అది ఎన్నడును పేలదని మనకు తెలియును. కాని నిజమైన తుపాకిని చూచి ఇల్లు విడిచిన బిడ్డకు అది తెలియదు. ఖాకీ దుస్తుల మనిషి కేక వేయుచు వచ్చుట ఆ బిడ్డకు హాస్యము కాదు. శిబిరములకు పోవు విదూషకులు గాలిబుడగ పగులు చప్పుడునకు గూడ జాగ్రత్తపడవలెను. ముఖమున దట్టముగ రంగు పూసిన చిన్నపిల్లలు జడియుదురు. ఎర్రని ముక్కు ఒకటి చాలును. ఏడ్చు బిడ్డను బలవంతముగ నవ్వింపబూనరాదు. దూరముగ నిలిచి, వాడు చూచినపుడు చూచి, చూపు త్రిప్పుకొన్నపుడు తానును త్రిప్పుకొనవలెను.

తుపాకిని తీసివేసిన పిమ్మట పిట్టలదొరలో ఏమి మిగులును? ఆ గొప్పలు మిగులును. లేని కుక్కను చూచి పిల్లల వెనుక నక్కుట మిగులును. తుపాకి స్థానమున ఒక చీపురుకట్టయో, చిరిగిన గొడుగో భుజమున వేసినను దొరతనమునకు లోపము రాదు. నా మట్టుకు నేను ఆలోచింపగా, మమ్ము నవ్వించినది ఆ తుపాకి కాదు. ఆయుధము ధరించి వచ్చినవాడు మమ్ము చూచి భయపడుటయే మమ్ము నవ్వించినది.

ఆ దొర పోవలసిన చోటు మనకు దూరమున లేదు. 2005లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు దంతెవాడ ప్రాంతమున మావోయిస్టులకు ప్రతిగా సల్వాజుడుం పేర ఒక ఉద్యమము లేవగా, ఆ రెండు పక్షముల నడుమ ఊళ్లు తగులబడినవి. సామాన్య గిరిజనులకు ఆయుధములిచ్చి పోరునకు పంపుట రాజ్యాంగ విరుద్ధమని 2011 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ లోపుననే వేలకొలది గుత్తికోయలు గోదావరీ పరివాహకపు అడవులలోనికి, నాటి ఖమ్మము, వరంగల్లు జిల్లాలకు వలసవచ్చిరి. వారి గూడెములు నేటికిని భద్రాద్రి కొత్తగూడెము, ములుగు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలో కలవు. అక్కడ జన్మించిన బిడ్డలకు తమ తలిదండ్రుల ఊరు ఒక మాట మాత్రమే. ఇంట కోయభాష, బడిలో తెలుగు. పంతులు చెప్పునది తెలియక మూల కూర్చుండు పిల్లవానికి, మాట అక్కరలేకయే అర్థమగు విద్య ఏది? చీపురు భుజమున వేసికొని కాలు జారి పడిన దొరను అర్థము చేసికొనుటకు ఏ భాషయు నేర్వనక్కరలేదు. ఆ మధ్యాహ్నము ఆ బిడ్డయు తక్కిన బిడ్డలతో సమానుడు.

ఇక మొదటి ప్రశ్న. గంజి లేనివారికి గంతులా? గంజికి బదులుగా గంతులు చూపినచో అది పాపమే. నవ్వు అన్నము కాదు, ఇల్లు కాదు, భూమి పట్టా కాదు, బడి కాదు. వీనిని ఇయ్యవలసినవారు ఇయ్యక, విదూషకుని పంపి, పిల్లలు నవ్వుచున్న ఛాయాచిత్రములు పత్రికలలో వేయించుకొన్నచో, ఆ నవ్వు వారిదగునుగాని పిల్లలది కాదు. ఒకసారి వచ్చి మరల కనబడని విదూషకుడును, ఎందరో తమను విడిచిపోగా చూచిన ఆ బిడ్డలకు అపకారమే చేయును. మరల వచ్చెదనని చెప్పినచో రావలెను, రాలేనిచో చెప్పరాదు.

అయితే గంజి పోసినంతనే మన బాధ్యత తీరినదనుటయు సరికాదు. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణము విశ్రాంతిని, ఆటను బిడ్డ హక్కుగా పేర్కొన్నది. మన దేశము 1992లో దానిని అంగీకరించినది. ఆట అను మాట అందులో దయగా వ్రాయబడలేదు, హక్కుగా వ్రాయబడినది.

ఒకప్పుడు గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానములు పండితులకు, కవులకు సత్కారములు చేసినవి. వీధి వేషగానికి దక్కినది చాటెడు జొన్నలు, ఒక పాత ధోవతి. నేడు అవియు దక్కుట లేదు. కొడుకు తండ్రి వేషము వేయుట మానినాడు. ఈ విద్య నశించినచో మనకు పోవునది ఒక వేడుక మాత్రమే కాదు. ఆపదలోనున్న బిడ్డను సమీపింపగల ఒక నేర్పు పోవును. బడులవారును, పంచాయతీలవారును వేషగాండ్రను కూలి ఇచ్చి పిలువవచ్చును. శిబిరములలో, గూడెములలో పనిచేయు ఉపాధ్యాయులకు వారిచేత నాలుగు దినములు శిక్షణ ఇప్పింపవచ్చును. దీనికి గొప్ప ధనము అక్కరలేదు.

శ్రోతలు ఒక చిన్న పని చేయవలెనని కోరుచున్నాను. మీ వీధిలో ఎప్పుడైనను ఆ కేక వినవచ్చినచో, తలుపు మూయకుడు. పిల్లలను పిలువుడు. కూలికి వచ్చిన వలస కుటుంబపు బిడ్డ ఎవరైనను దూరముగ నిలిచి చూచుచున్నచో, ముందువరుసకు తెచ్చి కూర్చుండబెట్టుడు. "దొరా, ఎనుక కుక్క!" అను మాటను ఆ బిడ్డచేతనే అనిపింపుడు.