నెమలిగుండం నడక: నోటుబుక్కు కూడా పట్టుకురండి



గిద్దలూరు, దోర్నాల, ఎర్రగొండపాలెం వైపు గూడేల నుంచి వచ్చిన తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి, హాస్టల్‌లో పర్మిషన్ తీసుకుని వచ్చిన పిల్లలకి, మాతో నడిచిన పెద్దలకి, మైదానం నుంచి వచ్చిన మిత్రులకి జోహార్లు. నీళ్ళ చప్పుడుకి నా మాట వినపడకపోతే కాస్త దగ్గరికి జరగండి. అంచు వైపు మాత్రం జరగొద్దు. పాచి పట్టిన రాయి అన్నకైనా తమ్ముడికైనా ఒకటే.

ఈ చోటు గురించి రీల్స్ చూసే ఉంటారు. "ఎవరికీ తెలియని జలపాతం" అని పెడతారు. ఎవరికీ అంటే ఎవరికి? జె.పి.చెరువు రైతుకి తెలుసు, శనివారం శనివారం రంగనాయక స్వామి దర్శనానికి వచ్చే భక్తులకి తెలుసు, నల్లమల చెంచులకి తాతల నాటి నుంచీ తెలుసు. మనకి తెలిసింది లెక్కలోకి రాదన్నమాట. ఈ రోజు నా మాటంతా ఈ లెక్క గురించే.

ముందు ఈ నీళ్ళ సంగతి చూద్దాం. గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన గుండ్లకమ్మ కొండల మధ్య నడిచి నడిచి ఇక్కడ రాళ్ళ మీంచి గుండంలోకి దూకుతుంది. ఇక్కణ్ణుంచి కంభం చెరువుకి పోతుంది. ఆ చెరువుని విజయనగర కాలంలో వరదరాజమ్మ కట్టించిందని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. 2020లో వారసత్వ సాగునీటి కట్టడంగా దానికి అంతర్జాతీయ గుర్తింపు కూడా వచ్చింది. మంచిదే, సంతోషం. కట్ట వేసినవాళ్ళ పేరు నిలిచింది. కట్టకి పైన వాగు పుట్టే చోట చెట్టు నరక్కుండా, ఊట పూడకుండా బతికినవాళ్ళ పేరు మాత్రం ఏ బోర్డు మీదా లేదు. కనిగిరి, మార్కాపురం వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు వంగిన ఊళ్ళు ఎన్నో. అలాంటి కరువు నేలలో ఈ అడవి ఊట విలువ ఎంతో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మనం నడిచొచ్చిన దారి ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పెద్దాయన ఒక చోట ఆగి, ఇక్కడ గడ్డలు తవ్వేవాళ్ళం అన్నాడు. ఇంకో చోట అవ్వ కుంకుడు చెట్లు చూపించింది. కొండ చరియ మీద తేనెపట్టు గురించి మాట వచ్చినప్పుడు పిల్లలంతా చుట్టూ చేరారు. తాడు కట్టుకుని దిగేవాడికి పైన తాడు పట్టుకునేది బావమరిదే అని చెప్తే నవ్వుకున్నారు. నవ్వు వచ్చే మాటే, కానీ ఎంత తెలివో చూడండి. అక్కచెల్లెళ్ళ మొగుణ్ణి ఎవడు జారవిడుస్తాడు?

ఆ మాటల్ని మనం కథల్లాగా విన్నాం. చట్టం దృష్టిలో అవి సాక్ష్యాలు.

2006 అటవీ హక్కుల చట్టం అనగానే మన దగ్గర పోడు పట్టా ఒక్కటే గుర్తొస్తుంది. నాకు ఎంత, మా అన్నకి ఎంత అని సెంట్ల లెక్కలోనే ఆగిపోయాం. ఆ చట్టంలో సామూహిక హక్కులు ఉన్నాయి. అటవీ ఫలసాయం మీద హక్కు ఉంది, నీటి వనరుల్లో చేపల మీద హక్కు ఉంది. 3(1)(ఇ) కింద చెంచుల్లాంటి ఆదిమ తెగలకి ఆవాస హక్కు ఉంది. అంటే ఒక ఇల్లో ఒక ఎకరమో కాదు, మన తెగ తిరిగిన, బతికిన, మొక్కిన ప్రాంతం మీద హక్కు. మధ్యప్రదేశ్‌లో దిండోరి జిల్లా బైగాలు దాన్ని సాధించుకున్నారు. వాళ్ళూ మనలాగే ఆదిమ తెగ.

రుజువు ఏదీ అని అడుగుతారు. 13వ నియమం చదవండి. గడ్డలు, పళ్ళు, మందుమొక్కలు ఏరుకునే చోట్లు, మనుషులూ పశువులూ తాగే నీటి వనరులు, పవిత్రమైన చెట్లు, గుండాలు, ఏటి ఒడ్లు, శ్మశానాలు, ఇవన్నీ రుజువులే. పెద్దల మాటని రాతలో పెడితే అదీ రుజువే. ఇంకో మాట. 75 ఏళ్ళ నివాసం చూపించమని ఎవరైనా అంటే, ఆ షరతు గిరిజనేతరులకి అని మర్యాదగా చెప్పండి. మనకి 2005 డిసెంబర్ 13 నాటికి అడవిలోనో అడవి మీద ఆధారపడో ఉంటే చాలు. అభయారణ్యంలో ఈ చట్టం చెల్లదనే మాట కూడా నమ్మొద్దు. చెల్లుతుంది.

మనకో చిక్కు ఉంది. మన గూడేలు షెడ్యూల్డ్ ఏరియాలో లేవు కాబట్టి పెసా చట్టం మనకి లేదు. పెద్ద పంచాయతీ గ్రామసభలో మన ముప్పై ఇళ్ళ గొంతు వినపడదు. అందుకే 2012 సవరణ ముఖ్యం. విడిగా ఉన్న గూడేల్ని జాబితా చేసి, అక్కడే సభ పెట్టి తీర్మానం చేసే దారి అందులో ఉంది. ఆదిమ తెగలకి ఆవాస హక్కులు అందేలా చూసే బాధ్యత కలెక్టర్ అధ్యక్షుడిగా ఉండే జిల్లా కమిటీదేనని కూడా రాశారు. మనం బతిమాలాల్సిన పని కాదది, వాళ్ళు చేయాల్సిన పని.

టూరిస్టుల మీద నాకు కోపం లేదు. నీళ్ళు చూడాలని ఎవరికి ఉండదు? రేపు ఇక్కడ గేటు పెట్టినా, టికెట్ పెట్టినా, ఆ నిర్ణయం మన గ్రామసభని అడక్కుండా జరగకూడదన్నదే నా మాట. నీటి వనరుల్ని, వాటి పైభాగం అడవిని కాపాడుకునే అధికారం ఆ చట్టంలో 5వ సెక్షన్ గ్రామసభకే ఇచ్చింది. ఇచ్చిన అధికారాన్ని వాడకపోతే, మన తాతలు తేనె తీసిన కొండకి మన పిల్లలు గైడ్ యూనిఫాం వేసుకుని దినకూలికి పోతారు. ఆ కూలి కూడా అందరికీ దొరకదు.

పని ఇట్లా పంచుకుందాం. డిగ్రీ చదివేవాళ్ళు ఫారం-బి, ఫారం-సి తెలుగులో చదివి గూడేల్లో వినిపించండి. ఫోన్ ఉన్నవాళ్ళు ప్రతి ఊట, ప్రతి గుండం దగ్గర లొకేషన్ గుర్తు పెట్టండి. తేనెపట్టు ఉన్న చోటు మాత్రం ఆన్‌లైన్‌లో పెట్టకండి, అది మన ఇంటి గుట్టు. చెల్లెళ్ళు అవ్వల దగ్గర కూర్చోండి. గడ్డల పేర్లు, వాగుల పేర్లు వాళ్ళ నోట్లో ఉన్నట్టే రాయండి, "శుద్ధమైన" తెలుగులోకి మార్చొద్దు.

వచ్చే శనివారం మళ్ళీ నడుద్దాం. పెద్దవాళ్ళు ముందు, మనం వెనక, ఎండ ముదరకముందే. ప్లాస్టిక్ సీసాలు వద్దు. ప్రతి గూడెం నుంచి ఒక నోటుబుక్కు, రెండు పెన్నులు.