పాత కుండీ మట్టిని పారబోయకండి

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం. ప్రత్యేక సంచిక కోసం కొద్దిగా కుదించి రాసి ఇచ్చినది.)



పింఛను బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. అంతటి విషయాల తర్వాత మట్టి గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను నిలబెట్టారు. ఏం చేస్తాం, వారి మాట కాదనలేం. అయినా మన సభ్యుల్లో మేడమీద నాలుగు కుండీలు లేనివారు తక్కువ. పదవీ విరమణ చేసిన ఏడాది తిరక్కుండా పది కుండీలు కొంటాం. మొదటి ఏడు వంకాయ, టమాటా ఇరుగుపొరుగుకు పంచేటంతగా కాస్తాయి. రెండో ఏడు అందులో సగం. మూడో ఏడు మొక్క జానెడు లేచి అట్లాగే నిలబడిపోతుంది. "మట్టిలో సారం పోయిందండీ" అని గోతాలకెత్తి ఖాళీ స్థలంలో పారబోసి, కొత్త మట్టి కోసం ట్రాక్టరువాళ్ళకు ఫోన్ చేస్తాం. ఆ మూడో ఏడాది సంగతే నేను చెప్పదలచుకున్నాను.

నేను వ్యవసాయ శాఖవాణ్ణి కాదు. సాగర్ కుడికాలువ మీద పనిచేసినవాణ్ణి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేస్తే, 1967లో కాలువలకు నీరు వదిలారు. మెట్ట పైర్లు తప్ప ఎరగని పల్నాడులో వరి పండింది. ఆ ఆనందంతోబాటు ఇంకొకటి కూడా మేం చూశాం. మురుగు పోయే దారిలేని పల్లపు పొలాల్లో నాలుగైదేళ్ళకు తెల్లగా ఉప్పు తేలేది. నీరు పెట్టే కాలువ ఎంత ముఖ్యమో, నీరు పోయే కాలువ అంత ముఖ్యమని మా ఇంజనీరు ఒకాయన పదే పదే చెప్పేవారు. కుండీ కూడా చిన్న సైజు ఆయకట్టే. అడుగున చిల్లి మూసుకుపోయి, పైన మనం రోజూ బోరు నీళ్ళు పోస్తూ ఉంటే, నీరు ఆవిరైపోయి అందులోని ఉప్పు మట్టిలోనే ఉండిపోతుంది. కుండీ అంచున, మట్టి పైన తెల్లటి పొర కనపడుతుందే, అదే.

కాబట్టి సారం పోయిందని అనుకునే ముందు ఏం పోయిందో, ఏం మిగిలిందో చూడాలి. మట్టిలో బంకమన్ను, ఇసుక ఎక్కడికీ పోవు. పోయేది మనం వేసిన పశువుల ఎరువు. అది చివికి, గాలిలో కలిసి, మొక్కలోకి వెళ్ళి తరిగిపోతుంది. అందుకే నిండుగా నింపిన కుండీ రెండేళ్ళకు నాలుగు వేళ్ళ మేర దిగిపోతుంది. ఎరువు పోయాక మట్టి రేణువులు ఒకదాన్నొకటి హత్తుకుపోతాయి, గాలి ఆడదు. మన నల్లరేగడి అయితే మరీను. ఎండితే ముడుచుకుని కుండీ గోడ వదిలేస్తుంది. పోసిన నీళ్ళు ఆ సందులోంచి జారి కిందికి వచ్చేస్తాయి. బయటికి నీరు కారింది కదా అని మనం తృప్తి పడతాం, నడిమి వేళ్ళు మాత్రం ఎండిపోతూ ఉంటాయి.

ఉన్న నేలకే బలం తెచ్చుకోవడం మన పెద్దలకు తెలియనిది కాదు. వేసవిలో చెరువు ఒండ్రు బళ్ళమీద తోలేవారు. చేలో గొర్రెల మంద కట్టించేవారు. పాత ఊళ్ళు పాడుపడిన దిబ్బల నుంచి పాటిమన్ను తవ్వి పొలాలకు వేసుకునేవారు. సారం తగ్గిందని చేను మార్చినవాడు ఎవరూ లేడు. ట్రాక్టరు మట్టి మాత్రం ఎక్కడిది? అది కూడా ఎవరిదో ఒక చేలో పైపొరే కదా.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పవలసి ఉంది. గురజాల పక్కన మా నాయన చేను రెండెకరాలు ఉండేది. 2011లో అమ్మాయి పెళ్ళికి అమ్మేశాం. రిజిస్ట్రేషన్‌కు ముందు రోజు వెళ్ళి పన్నెండు గోతాల మట్టి నరసరావుపేట తెచ్చుకున్నాను. నేను మేడమీద పెంచినవన్నీ ఆ మట్టిలోనే. 2019లో వంగ మొక్కలు ఒకదాని వెంట ఒకటి వడలిపోవడం మొదలెట్టాయి. పొద్దున బాగానే ఉండేవి, మధ్యాహ్నానికి తల వాల్చేవి. పీకి చూస్తే వేళ్ళనిండా ముడులు. "నాన్నా, అంతా పారబోసి కొత్తది తెప్పిద్దాం" అన్నాడు మా అబ్బాయి. వాడన్నదాంట్లో తప్పేమీ లేదు, వాడికది మట్టి. మా ఆవిడ మాత్రం, "మామయ్యగారి చేను మళ్ళీ ఎక్కడ కొంటావురా?" అంది. ఆ మాటతో నేను ఊరుకోలేక తెలిసినవారినల్లా అడిగి, చదివి, ఆ ఎండాకాలం చేసిందే ఇప్పుడు మీకు చెబుతున్నాను. అదే మట్టి ఇవాళ కూడా మా మేడమీద ఉంది.

మొదట వేళ్ళు చూడాలి. మొక్క పీకినప్పుడు పారేయకుండా నీళ్ళలో జాడించి చూడండి. వేళ్ళమీద బుడిపెలుంటే అవి నులిపురుగులవి. అయితే చిక్కుడు, బొబ్బర్ల వేళ్ళమీద కూడా బుడిపెలుంటాయి, వాటిని చూసి కంగారుపడకూడదు. గోటితో గీస్తే ఊడి వచ్చేవి మేలు చేసేవి, నత్రజనిని పట్టి ఇచ్చేవి. వేరే ఉబ్బిపోయి, ఊడి రాకుండా ఉంటే చెడ్డవి. ఆకుకూరలు వేసి ఏ తెగులూ రాని మట్టికి పెద్ద చికిత్స అక్కర్లేదు. ఎరువు కలుపుకుంటే చాలు. వంగ, టమాటా, మిరప వడలి చచ్చిన కుండీల మట్టి మాత్రం వేరుగా పెట్టుకోవాలి. ఈ మూడూ ఒకే కుటుంబం. ఒకదాని జబ్బు ఇంకొకదానికి వస్తుంది.

ఆ జబ్బు మట్టికి మందు మన దగ్గర పుష్కలంగా, ఉచితంగా ఉంది. ఎండాకాలం వచ్చిందంటే రాష్ట్రంలో అందరికంటే ముందు పేపర్లో పేరెక్కేది మన రెంటచింతల. ఈ ఎండను తిట్టుకోవడమే గాని వాడుకోవడం మనకు తెలియలేదు. ఇజ్రాయెల్‌లో యాకోవ్ కతాన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1976లో ఒక పద్ధతి ప్రకటించారు. తడిపిన నేలమీద పల్చటి ప్లాస్టిక్ షీటు కప్పి ఎండకు వదిలేస్తే నేలలోని తెగుళ్ళు చస్తాయని చూపించారు. కుండీ మట్టికి ఇది ఇంకా తేలిక. కోటప్పకొండ తిరునాళ్ళ వెళ్ళిన నెలా నెలన్నరకు చలికాలపు పైర్లు ఎట్లాగూ అయిపోతాయి. ఏప్రిల్ చివరికి మట్టంతా ఒకచోట చేర్చి, గడ్డలు చిదిపి, వేళ్ళు ఏరేయాలి. మేడమీద ఒక పట్టా పరిచి, దానిమీద ఆరంగుళాల మందానికి మించకుండా మట్టి పరవాలి. పిడికిట పడితే ఉండ కట్టేటంత తడి చేయాలి. పైన తెల్లటి, అంటే అద్దంలా కనిపించే ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులు గాలి దూరకుండా ఇటుకలు పెట్టాలి. నల్లషీటు వద్దు. నల్లది తానే వేడెక్కుతుంది, తెల్లది ఎండను లోపలికి వెళ్ళనిచ్చి మట్టిని వేడెక్కిస్తుంది. తడి ఎందుకంటారా, పొడిమట్టిలో వేడి లోపలిదాకా పాకదు. పైగా తడిలోనే పురుగుల గుడ్లు, కలుపు గింజలు మేలుకుని ఉంటాయి, అప్పుడు ఎండకు చిక్కుతాయి. నాలుగు నుంచి ఆరు వారాలు కదపకుండా ఉంచాలి. రోహిణీకార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ కార్తె వెళ్ళేదాకా ఉంచి, మృగశిరలో తీయండి.

మట్టిని బాణలిలో వేయించడం, వేడినీళ్ళు పోయడం కూడా కొందరు చెబుతున్నారు. ఇంట్లో ఆడవాళ్ళతో మాట పడాలని ఉన్నవారు ప్రయత్నించవచ్చు.

షీటు తీశాక తొందరపడి మొక్క పెట్టకూడదు. ఎండకు చెడ్డవాటితోబాటు మంచి సూక్ష్మజీవులు కూడా చాలావరకు పోతాయి. ఖాళీగా ఉన్న ఇంట్లో ఎవరు ముందు దిగితే వారిదే రాజ్యం. అందుకని మంచివాటిని మనమే దింపాలి. ట్రైకోడెర్మా విరిడె అనే పొడి మందుల షాపుల్లో దొరుకుతుంది. తొమ్మిది కిలోల చివికిన పశువుల ఎరువు, ఒక కిలో వేపపిండి, 200 గ్రాముల ఈ పొడి కలిపి, నీళ్ళు చిలకరించి, నీడలో కుప్ప పోసి తడి గోనె కప్పండి. వారం పది రోజుల్లో తెల్లగా, పచ్చగా బూజు అల్లుకుంటుంది. అప్పుడు కలపాలి. మూడు బకెట్ల పాత మట్టికి ఒక బకెట్ ఈ ఎరువు నాకు సరిపోయింది. రేగడి మట్టయితే అర బకెట్ కొబ్బరిపొట్టు కూడా వేయండి. కొబ్బరిపొట్టును రెండుసార్లు మంచినీళ్ళతో కడగాలి, కడగని దాంట్లో ఉప్పు ఉంటుంది. పచ్చి ఊక ఎక్కువ వేయవద్దు. అది చివికేటప్పుడు మొక్కకు అందవలసిన నత్రజనిని తానే తినేస్తుంది.

ఉప్పు తేలిన మట్టి సంగతి వేరు. దానికి ఎరువు వేసినా ప్రయోజనం ఉండదు, ముందు కడగాలి. చిల్లి శుభ్రంచేసి, కుండీ పట్టేదానికి రెండు మూడింతల నీరు నిదానంగా పోసి కిందికి పోనివ్వాలి. బోరు నీళ్ళతో కడిగితే ఉప్పును ఉప్పుతో కడిగినట్టే. కాలువ నీరుగాని, తొలకరి వానగాని కావాలి. నేనైతే ఖాళీ కుండీలను రెండు మంచి వానలకు వదిలేస్తాను.

ఇంకొక ముఖ్య విషయం. తోటపని పుస్తకాల్లో పాత మట్టికి గుప్పెడు సున్నం కలపమని ఉంటుంది. అది పులిసిన నేలలున్న చోట్లకు రాసినది. మనం నాపరాళ్ళమీద కాపురం ఉంటున్నవాళ్ళం. రాష్ట్రమంతటికీ సున్నం పంపే పిడుగురాళ్ళ మన జిల్లాలోదే. మన మట్టిలో, మన బోరు నీళ్ళలో సున్నం అవసరానికి మించే ఉంది. అనుమానముంటే ఎండిన మట్టిమీద నిమ్మరసం పిండి చూడండి, బుసబుసమని నురగ వస్తే సున్నం ఉన్నట్టే. అట్లాంటి మట్టికి సున్నమూ వద్దు, పొయ్యి బూడిదా వద్దు. ఎముకల పొడి కూడా దండగ, సున్నపు నేలలో అది కరిగి మొక్కకు అందదు. మందార, మల్లె ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపుపచ్చగా మారితే ఇనుము అందడంలేదని అర్థం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రంపూట ఆకులమీద చల్లితే వారం పది రోజులలో కొత్త ఆకు పచ్చబడుతుంది.

ఒంటి సంగతి కూడా చెప్పాలి. మనమెవరం ముప్పై ఏళ్ళవాళ్ళం కాదు. తడిసిన పెద్ద కుండీ పదిహేను, ఇరవై కిలోలు తూగుతుంది. దాన్ని ఎత్తబోవద్దు, ఉన్నచోటే చెంబుతో తోడుకోండి. పొడిమట్టి జల్లించేటప్పుడు నీళ్ళు చిలకరించి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. షుగరు ఉన్నవారు వట్టి కాళ్ళతో, వట్టి చేతులతో ఎరువులో దిగవద్దు. ధనుర్వాతం ఇంజెక్షను ఎప్పుడు చేయించుకున్నారో గుర్తుచేసుకోండి.

సమావేశానికి ముందే ఇద్దరు మిత్రులు సందేహాలు అడిగారు. ఎండబెట్టిన మట్టిలో మళ్ళీ వంగే వేయవచ్చా అని ఒకరు. వేయవచ్చు గాని, మొదటి పంటగా తోటకూరో, బంతో వేయడం మేలు. బంతి వేళ్ళున్న చోట నులిపురుగు తగ్గుతుంది. నేను బంతి వేశాను, దసరాకు పూలు కోసుకున్నాం. ఆ తర్వాతే వంగ నారు పెట్టాను.

రెండోవారు బయట కొన్న మట్టి గురించి అడిగారు. వారు తెప్పించిన మట్టిలో ఏం వేసినా మొలిచి మాడిపోతోందట. కలుపు మందు కొట్టిన చేలోది అయి ఉండవచ్చు. అట్లాంటి అనుమానం ఉంటే అంతా కుండీల్లోకి ఎత్తకముందే రెండు గ్లాసుల్లో ఆ మట్టి, ఒక గ్లాసులో మీ పాత మట్టి పోసి, మూడింటిలో మెంతులు చల్లండి. పది రోజుల్లో ఏ గ్లాసులో మొలక ఎట్లా ఉందో మీకే కనపడుతుంది. అట్లాగే ఆముదపు పిండి వాడేవారు దాన్ని మట్టిలో లోతుగా కలపండి. వాసనకు వచ్చి కుక్కలు తింటే వాటి ప్రాణానికి ప్రమాదం. ట్రైకోడెర్మా కొనేటప్పుడు పొట్లంమీద తేదీ చూసుకోండి, గడువు దాటినది ఎంత కలిపినా బూజు కట్టదు.