చిన్న రైలుయంత్రము – పెద్ద బాధ్యత
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



తిరునాళ్లలో తగరపు రైలుబండిని కొనియిచ్చినచో బాలుడు సాయంకాలము వఱకు ఆడుకొనును. స్ప్రింగు తెగిన మఱునాడు అది పెంటదిబ్బ చేరును. దానికై ఎవ్వరును విచారింపరు. నేటి ప్రసంగమునకు విషయమైన చిన్న రైలుయంత్రము ఆ జాతికి చెందినది కాదు. ఇది ముఖ్యముగా ఇంగ్లండు దేశమున వర్ధిల్లిన విద్య. ఇందు నిజమైన బొగ్గు మండును, నిజమైన నీరు మరుగును, నిజమైన ఆవిరి చక్రములను త్రిప్పును. యంత్రము మాత్రము పెద్దదానిలో ఎనిమిదవ వంతో, పదునొకండవ వంతో యుండును. ఆ దేశపు పెద్ద రైలుకు పట్టాల నడుమ వెడల్పు 4 అడుగుల 8½ అంగుళములు కాగా, వీనికి 7¼ అంగుళములు గాని, 5 అంగుళములు గాని యుండును. అట్టి యంత్రము తన వెనుక పలకబండ్లపై కూర్చున్న పెద్దలను, పిల్లలను లాగుకొని పోవును. నడుపువాడు దాని వెనుకనే కూర్చుండి గరిటెడు గరిటెడుగా బొగ్గు వేయుచుండును.

మనుష్యులెక్కు బండి గనుక దీనిని బాగుచేయుట బొమ్మను బాగుచేయుట వంటిది కాదు. అందు ప్రాణములతో పని యున్నది.

వామనుడు త్రివిక్రముడై పెరిగినను ఆ దివ్యరూపమునకు లోపము కలుగలేదు. లోహమునకును, నీటికిని ఆ మహిమ లేదు. యంత్రమును ఎనిమిదవ వంతునకు తగ్గించినచో పొడవు ఎనిమిదవ వంతగును. పైతలము 64వ వంతగును. బాయిలరులోని నీరు 512వ వంతగును. అనగా, ఉన్న నీటిని బట్టి లెక్కించినచో, చల్లారు తలము ఎనిమిది రెట్లు అధికము. గంగాళములోని వేన్నీళ్లు చాలసేపు వేడిగా నుండగా చెంబులోనివి వేగముగా చల్లారుటకు కారణమిదియే. పెద్ద బాయిలరులో పొగపోవు గొట్టములు రెండు అంగుళముల వెడల్పు గలవనుకొందురుగాక. వానిని అదే లెక్కను తగ్గించినచో పావు అంగుళమగును. మసితో త్వరలోనే పూడిపోవును. కావున పెద్దదానిని గ్రుడ్డిగా అనుకరించినవాడు చూచుటకు అందమైన విగ్రహమును చేయగలడు గాని, ఆవిరి నిలుచు యంత్రమును చేయలేడు. గొట్టముల సంఖ్యను తగ్గించి, వెడల్పును పెంచవలెను.

ఈ సంగతి తేలుటకు ముందు పెద్ద వివాదము నడచినది. చిన్న యంత్రములకు స్పిరిటు దీపమే తగునని, బొగ్గు పనికిరాదని అనేకులు నమ్మియుండిరి. లండన్, బ్రైటన్, దక్షిణతీర రైల్వేలో పనిచేసిన అనుభవము గల కర్లీ లారెన్సు అను నతడు దీనిని ఖండించెను. ఆ రైల్వే పేరులోని పొడియక్షరములైన ‘ఎల్.బి.ఎస్.సి.’యే అతని కలముపేరు. రెండున్నర అంగుళముల పట్టాలపై నడుచు ‘అయేషా’ యను బొగ్గు యంత్రమును అతడు స్వయముగా నిర్మించెను. 1924లో జరిగిన ప్రదర్శనలో ఇరుపక్షముల యంత్రములు పందెమునకు దిగినవి. ‘బాయిలర్ల యుద్ధము’ అని దానికి పేరు వచ్చినది. అంత చిన్న యంత్రము బొగ్గు తిని నిండు మనిషిని లాగుట జనులు కన్నులార చూచిరి. వాదము మాటలతో గాక బరువుతో తీరినది.

పందెము కన్న గొప్పది తరువాత జరిగిన పని. 1898లో పెర్సివల్ మార్షల్ స్థాపించిన ‘మోడల్ ఇంజనీర్’ పత్రికలో లారెన్సు దశాబ్దముల తరబడి వ్రాసెను. ఏ రేకును ఎట్లు వంచవలెను, ఏ రంధ్రమును ఏ కొలతకు తొలువవలెను అను విషయములను ఎదుట కూర్చుండి చెప్పినట్లు వ్రాసెను. కొత్తవారి కొఱకు ‘టిచ్’ అను చిన్న యంత్రమును రూపొందించెను. అతడు 1967లో మరణించెను. ఆ పుటలు చదివి, ఇంటి వెనుక కొట్టములో ఒక లేతు పెట్టుకొని, రైలుయంత్రమును చేసికొన్న సామాన్యులు ఎందఱో కలరు. గురుముఖమున మాత్రమే దొరకు విద్య అచ్చుపుట ద్వారా ఇంటికి వచ్చినది.

ఇక మరమ్మతు క్రమము. పాత యంత్రమొకటి చేతికి వచ్చినచో తెలిసినవాడు ముందుగా నిప్పు పెట్టడు, బాయిలరును పరీక్షించును. ఇది సాధారణముగా రాగిరేకుతో చేసి, వెండి టంకముతో అతుకబడియుండును. గాలి ఏమాత్రము మిగులకుండ దానిని నీటితో నింపి, చేతిపంపుతో ఒత్తిడి పెంచుదురు. చదరపు అంగుళమునకు 80 పౌనుల ఒత్తిడితో పనిచేయవలసిన బాయిలరును కొత్తదైనచో 160 పౌనుల వఱకు, వాడినదైనచో 120 పౌనుల వఱకు పరీక్షించుట పద్ధతి. నీటితోనే ఏల? నీరు నొక్కినను అంతగా అణగదు. అతుకు విడినచో కొంచెము నీరు కారి ఒత్తిడి పడిపోవును. అణచిపెట్టిన ఆవిరి యట్లు గాదు. దారి దొరకినంతనే విస్ఫోటమగును. ఆ పిమ్మట నిప్పుపెట్టి రక్షణ కవాటమును పరీక్షింతురు. మంట ఎంత పెంచినను ఒత్తిడి నిర్ణీత పరిమితికి పదవ వంతు కన్న మించి పెరుగరాదు.

తరువాత నడకను చూతురు. ఇరుసుల పెట్టెలు అరిగినచో చక్రము తిరిగినప్పుడెల్ల టకటక శబ్దమగును. రెండు ప్రక్కల క్రాంకులును ఒకదానికొకటి సమకోణమున నుండవలెను. అట్లున్నచో ఒక ప్రక్క పిస్టను కొసకు చేరి బలము చాలనప్పుడు, రెండవ ప్రక్కది ముందుకు త్రోయును. ఈ కోణము తప్పినచో యంత్రము కుంటును. ఆవిరి నిలుచుట లేదని వచ్చిన యంత్రములలో పెక్కింటికి అసలు వ్యాధి పొగగదిలో నుండును. పనిచేసి వెలువడు ఆవిరి పొగగొట్టము నడుమగా ఎగసి, నిప్పును రగిలించు గాలిని లాగవలెను. ఆ ఆవిరిముక్కు కొంచెము ప్రక్కకు ఒరిగినను, పొగగది తలుపు సందున గాలి జొచ్చినను నిప్పు మందగించును. రోగమొకచోట నుండగా మందొకచోట రాయుట వలన ఫలమేమి?

మెఱుగుపఱచుటకును నియమము కలదు. ఆవిరిని మఱల వేడిచేయు గొట్టములు అమర్చుట మేలు; కాని అట్టి పొడి ఆవిరి సిలిండరులోని నూనెను త్వరగా హరించును. కావున నూనెను కొలతప్రకారము పంపు చిన్న పంపును కూడ అమర్చవలెను. బాయిలరుకు నీరు పంపు సాధనములు రెండైనను ఉండవలెను. ఒకటి మొరాయించినపుడు రెండవది ఆదుకొనును. పూర్వము కూరిన ఆస్బెస్టాసు ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తేలినందున దానిని తీసివేసి, గ్రాఫైటు పూసిన త్రాడును గాని, టెఫ్లానును గాని పెట్టుదురు. శీతకాలమున యంత్రములోని నీటిని వంచివేయుదురు. గడ్డకట్టిన నీరు ఉబ్బి గొట్టములను చీల్చును.

చేయరాని మెఱుగొకటి కలదు. ఎక్కువ మందిని లాగవలెనను ఆశతో రక్షణ కవాటపు స్ప్రింగును బిగించుటయే అది. అది బలము పెంచుట గాదు, హద్దు చెఱుపుట. వెనుక పలకపై కూర్చున్న పిల్లవానికి ఆ బిగింపు సంగతి తెలియదు; బిగించినవానికి మాత్రమే తెలియును. కనుకనే అక్కడి సంఘములలో పరీక్షించిన తేది, ఒత్తిడి వ్రాసిన పత్రము లేనిదే యంత్రమును జనులకు నడపనీయరు.

ఇది దూరదేశపు వినోదము గదా, పల్లెకు దీనితో పనియేమి యని ఎవరైన అడుగవచ్చును. ధాన్యము ఉడికించు బియ్యపుమిల్లులోని బాయిలరును ఇదే ప్రకృతి సూత్రమునకు లోబడియున్నది. భారతదేశమున బాయిలర్ల భద్రతకై 1923లో ఒక చట్టమును, దాని స్థానమున 2025లో మఱియొకటియు ఏర్పడినవి. చట్టము గోడపై నుండిన చాలదు; కవాటము తాకు చేతికి దాని కారణము తెలియవలెను. ఆ కారణము పుస్తకములో నున్నది, పుస్తకము గ్రంథాలయములో నున్నది.

ఈ గ్రంథాలయమున చేర్చిన ప్రతి పుస్తకమును రిజిస్టరులో ఎక్కును. చినిగినది కుట్టబడి మఱల బీరువా చేరును. అట్లే ఊరిలోని ప్రతి యంత్రమునకు ఒక చిన్న నోటుపుస్తకము నుంచి, ఎప్పుడు విప్పిరి, ఏది మార్చిరి, ఏ కొలత కనిపించెను అను వివరములు వ్రాసి యుంచినచో తరువాతి చేతికి అది గురువగును. ఇకమీదట చేతిపనుల గ్రంథములకై ఇచ్చట ఒక బీరువాను ప్రత్యేకించి, యువకులను ఆ దిక్కునకు త్రిప్పుదురని కార్యవర్గమునకు మనవి.

స్వస్తి.